నిజాము కొలువున ఫ్రెంచి సేనాని

పల్నాటి వీరుల కథ విని పెరిగిన మనకు రాజ్యములు శౌర్యముచేతనే నిలుచుననియు, శౌర్యము లోపించినపుడే కూలుననియు తోచుట సహజము. కారెంపూడి వీరారాధన యా భావమును నేటికిని పోషించుచున్నది. కాని కృష్ణకు ఆవలి గట్టున, నిజాము రాజ్యమున, ఒకప్పుడు జరిగిన వృత్తాంత మీ తలంపును సరిచూచుకొనుమని మనకు చెప్పుచున్నది.

మిషెల్ జోకిం మారి రేమండు 1755లో ఫ్రాన్సునందలి గాస్కొనీ సీమలో జన్మించెను. 1775లో వర్తకమునకై పుదుచ్చేరికి వచ్చి, త్రాసు విడిచి కత్తి పట్టెను. మైసూరులో హైదరాలీ పక్షమున కొంతకాలము పోరి, పిదప బుస్సీ సేనానికి సహాయకుడై, 1786లో నిజామలీఖాను కొలువున చేరెను. కొలది వందల సిపాయిలతో మొదలైన ఆతని దళము పండ్రెండేండ్లలో సుమారు 14 వేలకు పెరిగెను. ఆతడు హైదరాబాదున నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా పేర నేటికిని ఒక పేట కలదు.

1789లో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. రేమండు దానిని కన్నులార చూచినవాడు కాడు. అయినను ఆతని పటాలములు విప్లవపు త్రివర్ణపతాకమును ధరించెను. సిపాయిల బొత్తాములపై స్వాతంత్ర్య చిహ్నమగు టోపీ చెక్కబడియుండెను. నిరంకుశ ప్రభువును కొలుచువారి రొమ్ముపై స్వాతంత్ర్య ముద్ర! వింతయే కదా.

1795లో ఖర్డాయొద్ద మహారాష్ట్రులచేత నిజాము ఓడినను, రేమండు దళములు ధైర్యముతో నిలిచి పోరాడెను. ఆ సంవత్సరముననే తండ్రిపై తిరుగబడిన రాకుమారుడు ఆలీజాను రేమండే పట్టుకొనెను. హిందువు లాతనిని మూసారామనియు, ముసల్మానులు మూసా రహీమనియు పిలిచిరి. మూసారాంబాగు ఆ పేరిటిదే.

1798 మార్చి 25న ఆతడు మరణించెను. సెప్టెంబరు 1న నిజాము ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొని ఫ్రెంచివారిని తొలగింప నంగీకరించెను. అక్టోబరులో జీతపు బకాయిలకై సిపాయిలు తమ యధికారులనే నిర్బంధించిరి. 22వ తేదీన కంపెనీ సేన చుట్టుముట్టగా, బకాయిలు చెల్లింతుమను వాగ్దానముపై ఆయుధములు దింపిరి. నెత్తురు చిందలేదు.

ఇది పిరికితనమా? కాదు, ఖర్డాలో నిలిచిన దళమే యిది. సేన యంతయు నొక్కని ప్రతిభపై నాధారపడెను, పెత్తనము పరదేశీయులది, సిపాయికి జీతము సకాలమున నందదు. ఇట్టి సేనకు శౌర్య మెంత యున్న నేమి? ఫ్రెంచివారు పోగా నింగ్లీషువారు వచ్చిరి. పరాధీనత మాత్రము పోలేదు. ఆ కొత్త సేన వ్యయమునకై నిజాము 1800లో కడప, బళ్లారి సీమలను కంపెనీకి విడిచెను. ఆర్కాటు నవాబు నేలుబడిలోని మన పల్నాడును 1801లో సంధిపత్రముతోనే కంపెనీ వశమయ్యెను.

నేడు మనము స్థాపించు పాఠశాలలకును, గ్రంథాలయములకును, సంస్కరణ సంఘములకును ఈ చరిత్ర వర్తించును. స్థాపకుని మెచ్చుకొనుటతో మన పని తీరదు. ఆతని వెనుక పని నడుపువారిని తీర్చిదిద్దవలెను. లెక్కలు సరిగా నుంచవలెను. పనివాని కూలి నాటికి నాడు చెల్లింపవలెను. వీరుని కొలుచుట సులభము. వీరుడు లేని నాడును నిలుచు వ్యవస్థను కట్టుటయే కష్టము. మనకు కావలసినది యదియే.