కథలో నాన్న, నిజంలో కూతురు

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న 'లిటిల్ ఉమెన్' 1868లో అమెరికాలో వచ్చిన నవల. అందులో నాన్న యుద్ధానికి పోతాడు. ఆయన ఉత్తరం అమ్మ చదువుతుంటే నలుగురు కూతుళ్లు విని, ఇకనుంచి మంచిగా ఉండాలనుకుంటారు. మన ఇళ్లల్లో ఫోన్ చుట్టూ కూర్చున్నట్టే. తర్వాత ఆయన వాషింగ్టన్ ఆసుపత్రిలో పడితే, అమ్మ ప్రయాణం కోసం జో తన జుట్టు అమ్మి 25 డాలర్లు తెస్తుంది. రచయిత్రి కావాలనుకునే రెండో కూతురే ఈ జో.

నిజంలో యుద్ధానికి పోయింది నవల రాసినామె, లూయిసా మే ఆల్కాట్. 1862 డిసెంబరులో వాషింగ్టన్‌లో నర్సుగా చేరింది. టైఫాయిడ్ వస్తే నాన్న బ్రాన్సన్ పోయి ఇంటికి తీసుకొచ్చాడు. ఆయనవి పెద్ద ఆదర్శాలు, సంపాదన తక్కువ. అందుకే అంతకుముందే ఆమె కుట్టుపని, టీచర్ పని, ఒకరింట్లో పనిమనిషి పని కూడా చేసింది. ఆడపిల్లల కథ ఆమె ఇష్టపడి మొదలుపెట్టలేదు, పబ్లిషర్ అడిగితే రాసింది. ఆ డబ్బుతోనే ఇంటి అప్పులు తీరాయి.

అంటే తను పడ్డ కష్టాన్ని కథలో నాన్న పేరు మీద రాసేసింది. మనమూ అంతే. ఇంటికి డబ్బు పంపుతాం, ఎండ సంగతి చెప్పం, "అంతా బాగానే ఉంది" అంటాం. ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు, మీ పని ఎట్లుంటదో పిల్లలకు ఒక్కసారి చెప్పండి అన్నా, అక్కా.