తలుపులు, కిటికీల మార్పిడి: కోటప్పకొండ పరిధిలో నిబంధనలు

పల్నాడు జిల్లా నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ గ్రామీణ ప్రాంతం. ఇలాంటి ఊళ్లలో ఇళ్లు కట్టడానికి గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలు 2002లో వచ్చాయి. పాత ద్వారబంధాలు, కిటికీలు మార్చడాన్ని జాతీయ భవన నిర్మాణ స్మృతి (2016) చిన్న మార్పుగానే చూస్తుంది. కట్టడం పటుత్వానికి, అగ్ని భద్రతకు భంగం లేకపోతే విడిగా అనుమతి అక్కర్లేదంటుంది. అసలు చిక్కు గాలి వెలుతురుది. ఆ స్మృతి ప్రకారం గది నేల వైశాల్యంలో కిటికీల వంతు పొడి వేడి ప్రాంతాల్లో పదోవంతు, ఉక్కపోత ప్రాంతాల్లో ఆరోవంతు ఉండాలి. ఏసీ కోసం కిటికీ పూడ్చేవారు దీన్ని మరిచిపోతుంటారు. కలప చట్రాలకు ఐఎస్ 4021, భద్రతా గాజుకు ఐఎస్ 2553 ప్రమాణాలున్నాయి.