రాతిలో కాపురమున్న రాజులు, దేవుళ్లు

ఈజిప్టులోని సఖ్ఖారాలో జోసెర్ రాజు కట్టించిన మెట్ల పిరమిడ్‌కు ఉత్తరాన ఒక చిన్న రాతిగది ఉంది. దానికి తలుపు లేదు. ముందు గోడలో, కూర్చున్న మనిషి కళ్లకు అందే ఎత్తులో రెండు గుండ్రటి కన్నాలు మాత్రం ఉన్నాయి. 1924-25లో అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు లోపల సున్నపురాతి రాజవిగ్రహం కనిపించింది. అప్పటికి నాలుగున్నర వేల ఏళ్లుగా ఆ రాజు చీకట్లో కూర్చుని ఉత్తరాకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. పొదిగిన కళ్లను దొంగలు ఎప్పుడో పెకలించుకుపోయారు. జనం చూసి మెచ్చుకోవడానికే అయితే ఆ విగ్రహాన్ని అలా మూసిపెట్టే వారు కాదు. రాజు బయటికి చూడాలి, ధూపం వాసన పీల్చాలి, ముందు పెట్టిన ఆహారాన్ని అందుకోవాలి. ఆ గది అందుకోసం కట్టింది.

ప్రాచీన ఈజిప్టు శిల్పాన్ని అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. మనిషి పోయాక అతనిలోని ప్రాణశక్తికి తిండి కావాలి, ఉండటానికి ఒక ఒళ్లు కావాలి. శవం శిథిలమైనా రాయి నిలుస్తుంది. దేవుడు భూమ్మీద దిగాలన్నా అంతే, దిగడానికి ఒక ఆకారం ఉండాలి. అయితే శిల్పి ఉలి పక్కన పెట్టినంత మాత్రాన విగ్రహం పనికొచ్చేది కాదు. దానికి ‘నోరు తెరిచే’ క్రతువు జరగాలి. పూజారి బాడిసెలాంటి పనిముట్టుతో విగ్రహం నోటిని తాకేవాడు, ఎద్దు ముందుకాలును నివేదించేవాడు. మమ్మీలకూ ఇదే క్రతువు. టుటన్‌ఖామున్ సమాధి గోడ మీద, ఆయన తర్వాత రాజైన ఆయ్ చిరుతచర్మం కప్పుకుని దీన్ని జరుపుతున్న చిత్రం నేటికీ ఉంది. మన గుళ్లలో జరిగే ప్రాణప్రతిష్ఠ తెలిసిన తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు.

మ్యూజియంలో ఈ విగ్రహాలను చూసినవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు: అన్నీ బిగుసుకుపోయి ఉన్నాయని. నిజమే, ఎడమకాలు ముందుకు, చేతులు ఒంటికి ఆనించి, చూపు సూటిగా. అది చేతకానితనం కాదు. శాశ్వతంగా ఉండాల్సిన ఒంటికి క్షణికమైన భంగిమ అక్కర్లేదని వాళ్ల లెక్క. ఆ నిశ్చలత్వంలో ఎంత బలం ఉందో కైరో మ్యూజియంలోని ఖఫ్రే విగ్రహం చూపిస్తుంది. గిజాలో రెండో పిరమిడ్ కట్టించిన రాజు ఈయన. 1860లో ఫ్రెంచి పురావస్తువేత్త మరియెట్ దీన్ని ఆయన లోయ ఆలయంలో కనుగొన్నాడు. రాజు తల వెనక హోరస్ దేవుడు డేగ రూపంలో రెక్కలు చాచి ఉంటాడు. ఎదురుగా నిలబడితే డేగ కనిపించదు, పక్కకు వెళ్తేనే తెలుస్తుంది. రాజు, దేవుడు ఒకరిలో ఒకరు ఇమిడిపోయారని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఇంకే శిల్పికీ తట్టి ఉండదు. సింహాసనం పక్కల మీద తామర, పపైరస్ మొక్కలను ముడివేసి చెక్కారు. దక్షిణ, ఉత్తర ఈజిప్టులు ఒకే రాజు కింద ఉన్నాయని అర్థం. ఆ గట్టిరాయి వచ్చింది వందల కిలోమీటర్ల దూరంలోని నూబియా ఎడారి నుంచి. రాగి ఉలికి లొంగని రాయది. రాతిగుండ్లతో కొట్టి కొట్టి, ఇసుకతో రుద్ది రుద్ది ఆ నునుపు తెచ్చారు.

విగ్రహాల ముఖాలు అన్ని కాలాల్లోనూ ఒకేలా లేవు. క్రీ.పూ. 19వ శతాబ్దికి చెందిన మూడో సెనుస్రెత్‌కు ఒళ్లు యువకుడిది, ముఖం మాత్రం అలసిపోయిన పెద్దమనిషిది. బరువెక్కిన కనురెప్పలు, బుగ్గల మీద గీతలు, మరీ పెద్ద చెవులు. ప్రజల మొర వినే రాజు అని చెప్పడానికే ఆ చెవులని చాలామంది పండితులు భావిస్తారు.

రాతిలో రాజు, దేవుడు నిజంగా ఉంటారన్న నమ్మకాన్ని రెండో రామ్సెస్ రాజు కొసదాకా తీసుకెళ్లాడు. పాత రాజుల విగ్రహాల మీద తన పేరు చెక్కించుకున్నాడు. పేరు మారితే విగ్రహం ఎవరిదో కూడా మారిపోయినట్టే. అబూ సింబెల్ కొండలో సుమారు 20 మీటర్ల ఎత్తున తన విగ్రహాలు నాలుగు తొలిపించాడు. లోపలి గోడల మీద రాజు రామ్సెస్, దేవుడైన రామ్సెస్‌కు నైవేద్యం పెడుతున్న దృశ్యాలు కూడా ఉన్నాయి. గర్భగుడిలో ప్తాహ్, ఆమున్, రా-హొరఖ్తి దేవుళ్ల సరసన ఆయన కూర్చున్నాడు. ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి ఎండ నేరుగా అక్కడిదాకా వెళ్తుంది. పాతాళంతో సంబంధమున్న ప్తాహ్ మాత్రం దాదాపు నీడలోనే ఉంటాడు. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1964-68 మధ్య యునెస్కో ఆధ్వర్యంలో ఈ గుడిని ముక్కలుగా కోసి సుమారు 65 మీటర్ల పైకి తరలించారు.

ఆ రోజుల్లో మామూలు జనం గుడి లోపలికి వెళ్లడానికి వీలుండేది కాదు. ద్వారం దగ్గరి ఇలాంటి భారీ విగ్రహాలకే మొక్కుకునేవారు. లోపలి అసలు మూలమూర్తి చిన్నది, తరచు బంగారంతోనో వెండితోనో చేసింది. రోజూ తెల్లవారగానే పూజారి ముద్ర విప్పి, మందసం తలుపు తీసి, దేవుడిని శుభ్రపరిచి, బట్టలు మార్చి, సుగంధ తైలం పూసి, ఆహారం పెట్టేవాడు. ఆ నైవేద్యం తర్వాత పూజారులకు చేరేది. అలాంటి మూర్తుల్లో మనదాకా వచ్చినవి చాలా అరుదు. బంగారాన్ని దోచుకుని కరిగించినవాళ్లకు అందులోని దేవుడితో పని లేదు.

విగ్రహం బతికున్నదైతే దాన్ని చంపనూ వచ్చు. ఇన్ని విగ్రహాలకు ముక్కు ఎందుకు విరిగిందన్న ప్రశ్నకు ముఖ్యమైన జవాబు ఇదే. కొన్ని పడిపోయి విరిగాయి. కానీ పదేపదే ముక్కే పోవడం వెనక ఉద్దేశం ఉంది. ముక్కు లేకపోతే ఊపిరి లేదు. స్త్రీగా పుట్టి, రాజు గడ్డం పెట్టుకుని క్రీ.పూ. 15వ శతాబ్దిలో పాలించిన హత్షెప్సుత్ విగ్రహాలు, ఆమె తర్వాత పాలించిన మూడో తుత్‌మోస్ కాలంలో ముక్కలయ్యాయి. 1920లలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బృందం దెయిర్ ఎల్-బహ్రీ గోతుల్లోంచి ఆ ముక్కలు తీసి అతికించింది. ఆ విగ్రహాలను విరగ్గొట్టింది పగతోనే అని అందరూ చాలాకాలం నమ్మారు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుడు జున్ యీ వాంగ్ 2025లో ఇంకో మాట చెప్పారు. చాలా విగ్రహాలు మెడ, నడుము, మోకాళ్ల దగ్గరే విరిగాయి. విగ్రహంలోని శక్తిని తీసేసి రాయిని పక్కన పెట్టే ఆచారం ఇతర రాజుల విగ్రహాలకూ ఉందని ఆయన వాదన. హత్షెప్సుత్ పేరును చెరిపేసిన రాజకీయాన్ని ఇది కొట్టిపారేయదు గాని, విరగ్గొట్టిన చేతుల్లో కోపం కన్నా భయభక్తులే ఎక్కువ ఉండి ఉండొచ్చని ఒప్పుకోవాలి.

పాతబడిన విగ్రహాలను బయట పారేయడానికీ వాళ్లకు మనసొప్పలేదు. గ్రీకు టాలెమీ రాజుల కాలంలో కర్నాక్ ఆలయ పూజారులు ఏడో గోపురం ముందటి ఆవరణలో పెద్ద గొయ్యి తవ్వి, తరతరాలుగా పేరుకున్న మూర్తులను అందులో పూడ్చారు. 1903లో పురావస్తువేత్త జార్జ్ లెగ్రాన్ దాన్ని కనుగొన్నాడు. ఊటనీరు ఊరుతూనే ఉంది, కూలీలు ఆ బురదలో నిలబడి 1907 దాకా ఒక్కొక్కటే పైకి తీశారు. ఏడువందలకు పైగా రాతి విగ్రహాలు, సుమారు 17,000 కంచు మూర్తులు బయటపడ్డాయి. నీటిమట్టం పెరిగిపోవడంతో ఆ గొయ్యిని పూర్తిగా ఖాళీ చేయకుండానే పని ఆపాల్సి వచ్చింది.