గాలపుకర్ర పుట్టుపూర్వోత్తరాలు



ఛందస్సు గురించో, నిఘంటువుల గురించో వ్రాసుకునే ఈ ముసలి పంతులు గాలాన్ని గురించి వ్రాయడమేమిటని మీరు ముక్కున వేలు వేసుకుంటారని తెలుసును. నేను చేప తినని ఇంట పుట్టినవాణ్ణి. గోదావరిలో మునకలు వేశానే గాని గాలం వేసి ఎరుగను. అయినా ఈ నెల రోజులుగా నా బల్ల మీద నిఘంటువుల నడుమ గాలపుకర్రల చిత్రాలే ఉన్నాయి. కారణం చెప్తాను.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ శిష్యుడొకడు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట పెట్టి అమ్మిన సామానులలో ఒక ప్రాత వెదురు గాలపుకర్రను కొన్నాడు. దాని ఫోటోలు పంపుతూ, "మాస్టారూ, దీని భాగాలకు తెలుగులో పేర్లు చెప్పరూ? మా అమ్మాయికి తెలుగులోనే చెప్పాలని ఉంది" అని వ్రాశాడు. అడిగింది చిన్న కోరిక. చూడబోతే అది నన్ను పద్దెనిమిది వందల సంవత్సరాల వెనుకకు తీసుకుపోయింది.

ముందుగా ఈ విద్య ఏమిటో చెప్పాలి. మనమెరిగిన గాలంలో ఎర ఉంటుంది, సీసపు గుండు ఉంటుంది, పైన బెండు తేలుతుంది. విసరినప్పుడు ఆ గుండు బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇంగ్లీషువారు ఫ్లై ఫిషింగ్ అనే ఈ పద్ధతిలో ఎర లేదు. చిన్న గాలానికి ఈకలు, ఉన్ని, పట్టుదారం చుట్టి నీటి మీద వ్రాలే పురుగును పోలిన కృత్రిమమైన ఈగను చేస్తారు. దానికి బరువంటూ ఉండదు. కాబట్టి విసరవలసినది ఈగను కాదు, దారాన్ని. దారానికే తగిన బరువుండాలి, దానిని మోసి విసరడానికి కర్ర వంగాలి, వంగినది మళ్ళీ నిలువుగా లేవాలి. ఈ సామగ్రి చరిత్ర అంతా ఈ ఒక్క అవసరం చుట్టూ తిరిగింది.

దీని తొలి ప్రస్తావనలలో ప్రసిద్ధమైనది ఈలియన్ అనే రోమను రచయితది. క్రీ.శ. 2, 3 శతాబ్దాల నడుమ జీవించినవాడు. గ్రీకు భాషలో జంతువుల స్వభావాలను గురించి గ్రంథం వ్రాశాడు. మాసిడోనియాలోని ఒక నదిలో మచ్చల చేపలు నీటిపై వ్రాలే ఒక పురుగును తింటాయని, ఆ పురుగును చేత్తో పట్టుకుంటే రంగు చెడిపోతుంది గనుక జాలరులు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, మైనం రంగున్న రెండు కోడి ఈకలు కట్టి చేపను మోసగిస్తారని చెప్పాడు. కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులేనట. గిలక లేదు, ఉంగరాలు లేవు. దారం కర్ర కొసకే కట్టి ఉండేది.

తరువాత చెప్పుకోదగిన గ్రంథం 1496లో ఇంగ్లాండులో అచ్చయినది. వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు ప్రాత వేట గ్రంథాన్ని పునర్ముద్రిస్తూ గాలపు వేటను గురించిన ప్రకరణాన్ని అందులో చేర్చాడు. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని దానిని వ్రాసిందని వాడుక. పండితులు ఈ కర్తృత్వాన్ని సందేహిస్తారు. కర్త ఎవరైనా, చేతితో పనిచేసి చూచిన మనిషి అని మాత్రం తెలిసిపోతుంది. కర్రను చలికాలంలోనే నరకాలి. వేడి పొయ్యిలో కాచి, సరిచేసి, నెల రోజులు ఆరనివ్వాలి. కాలిన ఇనుప కడ్డీతో లోపలి దూటను తొలిచి బోలు చేయాలి. ఆపైన ఇంటి కప్పు క్రింద పొగలో ఉంచి పూర్తిగా ఎండనివ్వాలి. గాలాలు కొనుక్కునేవి కావు. సూదులను ఎర్రగా కాల్చి, కత్తితో ముల్లు లేపి, వంచి, మళ్ళీ పదును పెట్టుకోవాలి. పన్నెండు రకాల ఈగలను ఏ నెలలో ఏది వేయాలో కూడా చెప్పింది.

పొగలో ఆరబెట్టడమనే మాట చదవగానే మా అమ్మమ్మగారి వంటిల్లు కళ్ళకు కట్టింది. పొయ్యి మీది అటకపై పొగచూరిన వాసాలకు పురుగు పట్టేది కాదు. సముద్రాలవతలి మాట పెరటి మాటలాగే తోచింది.

మఱి మన దేశంలో ఎవరూ వ్రాయలేదా? వ్రాశారు, అంతకు మూడున్నర శతాబ్దాలకు పైగా ముందే. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతంలో సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే ప్రకరణమున్నది. చేపల జాతులు, వాటికి వేయవలసిన మేత, గాలపు వేట అందులో వర్ణితములు. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దీనిని గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించారు. ఓరుగల్లు కాకతీయులు ఆనాటికి కల్యాణి చాళుక్యుల సామంతులే. కనుక ఈ గ్రంథం మనకు పరాయిది కాదు. అందులో ఉన్నది ఎర వేటే గాని ఈగ వేట కాదు. అయినా ఒక మహారాజు పట్టపుటేనుగులతో పాటు గాలాన్ని కూడా శాస్త్రంగా వ్రాయదగిన విషయమని తలచడం నన్ను ఆలోచింపజేసింది. ఎందుకో చివర చెప్తాను.

ఇక దారం సంగతి. మొదట గుర్రపు తోక వెంట్రుకలను పేనేవారు. కర్ర దగ్గర ఎక్కువ పోగులు, ఈగ దగ్గరకు వచ్చేసరికి ఒకటో రెండో. 1653లో ఐజాక్ వాల్టన్ ప్రసిద్ధ గ్రంథం వెలువడింది. 1676 ముద్రణలో ఈగ వేటను గురించిన భాగాన్ని మిత్రుడు చార్లెస్ కాటన్ చేర్చాడు. వారి కాలానిదీ ఈ వెంట్రుకల దారమే. తరువాత పట్టుపురుగు వచ్చింది. గూడు కట్టబోయే పురుగు కడుపులోని పట్టుతిత్తిని తీసి సాగదీస్తే పారదర్శకమైన బలమైన తంతువు వస్తుంది. స్పెయిన్ దేశపు ముర్సియా ప్రాంతం దీనికి పేరుపొందింది. పొడిగా ఉన్నప్పుడు ఇది పుటుక్కున తెగుతుంది, నానితే మెత్తబడుతుంది. అందుచేత వేటగాళ్ళు రేకు డబ్బాలో తడి ఉన్నిగుడ్డల నడుమ దీనిని పెట్టుకుని తిరిగేవారు.

అసలు దారం పట్టునూలుతో అల్లి నూనె పట్టించినది. దీని స్వభావం అందుకు సరిగ్గా విరుద్ధం. ఇది తడిగా ఉంటే కుళ్ళుతుంది. ప్రతి సాయంత్రం గిలక నుండి మొత్తం విప్పి, నీడన ఆరబెట్టి, మర్నాడు తేలడానికి మళ్ళీ కొవ్వు పూయాలి. ఒకే దారంలో ఒక కొస తడిగా బ్రతకాలి, ఒక కొస పొడిగా బ్రతకాలి. రెండింటినీ ఎరిగి మసలుకోవడమే ఆనాటి వేటగాడి దినచర్య.

కర్ర చరిత్రలో మన దేశానికి నిజమైన భాగమున్నది. 19వ శతాబ్దంలో హికరీ, దక్షిణ అమెరికాలోని గయానా నుండి వచ్చే గ్రీన్‌హార్ట్ వంటి కలపతో కర్రలు చేసేవారు. 1840ల ప్రాంతంలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణంలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు, వయొలిన్లు కూడా చేసేవాడు, వెదురును బద్దలుగా చీల్చి జిగురుతో అతికి కర్ర చేశాడు. 1870ల దశకంలో మెయిన్ రాష్ట్రంలోని హైరమ్ లెనార్డ్ ఆరు బద్దల కర్రను యంత్రంతో చేయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క బద్ద అడ్డుకోత త్రికోణం. ఆరు త్రికోణాలు కూడితే షడ్భుజి. వెదురులోని బలమంతా తోలు వంటి పైపొరలోనే ఉంటుంది. ఆ పొర ఆరువైపులా వెలుపలికి వచ్చేటట్లు అతకడమే ఇందలి రహస్యం.

ఆ తొలి కర్రలకు వాడిన వెదురు మన దేశానిదే. కలకత్తా రేవు నుండి ఓడలెక్కింది కనుక కలకత్తా వెదురన్నారు. అయితే దాని మీద కాల్చిన మచ్చలుండేవి. మచ్చలేని పొడవైన బద్ద దొరకడం కష్టంగా ఉండేది. 20వ శతాబ్దారంభంలో చైనా నుండి టోంకిన్ వెదురు రాగానే మనది వెనుకబడింది. పేరు టోంకినే గాని పెరిగేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్ సీమలో. 1931లో దానికి శాస్త్రనామం పెట్టిన మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అమాబిలిస్ అన్నాడు. లాటిన్‌లో ప్రేమించదగినది అని అర్థం. 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వర్తకం నిషేధించింది. 1971 వరకు ఆ వెదురు అక్కడికి రాలేదు. నిలువ చేసుకున్న పనివారు నిలిచారు, లేనివారు గాజునారకు మారారు.

మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన హెన్రీ సలివాన్ థామస్ అనే దొర భారతదేశంలో గాలపు వేటను గురించి 1873లో మంగుళూరులో పుస్తకం అచ్చు వేయించాడు. 1887లో చెరువులలో గాలం వేయడాన్ని గురించి మరొకటి వ్రాశాడు. మన చెరువుల చేపలు ఆయనకు గ్రంథవస్తువులయ్యాయి. ఆ చెరువు గట్ల మీద బ్రతికినవారి మాటలు మనకు కాలేదు.

మా శిష్యుడి కర్రకు వద్దాం. అది మూడు ముక్కలది. కొస ముక్కలు రెండు. ఒకటి విరిగినా మరొకటి ఉండాలని ఆనాటి కర్రలకు రెండు కొసలిచ్చేవారు. ఇటువంటి ప్రాత కర్రను ఎన్నుకునేటప్పుడు మొదట చేయవలసినది కొలవడం. అన్ని ముక్కలూ ఒకే పొడవుండాలి. కొస రెండంగుళాలు తక్కువైతే ఎప్పుడో విరిగిందని, పైకి చక్కగా ఉన్నా గుణం మారిందని తెలుసుకోవాలి. తరువాత ఒక కన్ను మూసి కర్ర వెంట చూపు సారించాలి, వంకర తెలుస్తుంది. మెల్లగా వంచితే టిక్కుమనే చప్పుడు వస్తే జిగురు వదలిందనో, లోహపు అతుకు కదిలిందనో అర్థం. ఈ అతుకుల లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారు. రాగి, నికెలు, తుత్తునాగం తప్ప అందులో వెండి రవ్వంతయినా లేదు.

మా వాడి కర్రలో ఒక కొస కురచ, రెండవది వంకర. వంకరను సన్నని సెగ చూపి చేత్తో సరిచేయవచ్చు. తొందరపడితే ప్రాత జిగురు కరిగి బద్దలు విడిపోతాయి. ఉంగరాలను పట్టి ఉంచే పట్టుదారం చీకిపోతే విప్పి, క్రొత్త దారం బిగువుగా చుట్టి, వార్నీషు పలుచగా పొరలు పొరలుగా పూయాలి. వేట ముగిశాక తడి తుడవాలి. పూర్తిగా ఆరిన తరువాతనే గుడ్డసంచిలో పెట్టాలి. తడిమీద గొట్టంలో పెట్టి మూత బిగిస్తే వార్నీషు పొక్కులు లేచి జిగురు చెడుతుంది. గోడకు వాల్చి ఉంచితే వంగిపోతుంది. సంచితో సహా నిలువుగా వ్రేలాడదీయడం మేలు. ఈగల పెట్టెకు శత్రువులు రెండు: గాలానికి తుప్పు, ఈకలకు చిమ్మట.

1938లో నైలాను ప్రకటితమైంది. యుద్ధం తరువాత గాజునార, 1970లలో కార్బను కర్రలు వచ్చాయి. ప్లాస్టిక్ పూత దారాలు కుళ్ళవు, ఆరబెట్టనక్కరలేదు. సామాన్యుడికి కూడా అందుబాటులోకి వచ్చింది గనుక దీనిని నిందించను. సామగ్రి మన్నిక పెరిగిన కొద్దీ దానిని కాపాడే విద్య మాత్రం తగ్గింది. విద్య తగ్గినచోట మాటలు తగ్గుతాయి.

ఇప్పుడు నా నేరం చెప్పుకోవాలి. నేను గోదావరి తీరాన పనిచేసిన రోజులలో ఎనిమిదవ తరగతిలో అమరకోశ పదాలు చెబుతూ బడిశమంటే గాలమన్నాను. జాలరి ఇంటి పిల్లవాడొకడు లేచి, గాలపు మొనకు వెనుకనున్న ఆ చిన్న ముల్లుకు వాళ్ళ నాన్న అనే పేరు చెప్పాడు. దారం పేనే తీరుకు మరొకటి, ముడికి మరొకటి. నేను నవ్వి, "కూర్చో నాయనా, అవి పుస్తకాలలో ఉండవు, పరీక్షలో మార్కులు రావు" అన్నాను. తరగతి కూడా నవ్వింది. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. ఆ ఏడాదిలో మఱి లేవలేదు.

శిష్యుడికి జవాబు వ్రాశాను. కర్ర, దారం, గిలక, ఉంగరం, అతుకు, ఈగ అన్నీ కుదిరాయి. ముల్లు దగ్గర కలం ఆగింది. ఆనాడు విన్న ఆ పేరు ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. నా బీరువాలోని నిఘంటువులన్నీ వెదికాను, లేదు. ఉండదని ఆనాడు నేనే చెప్పాను కదా! రాజు వ్రాయదగినదనుకున్న దానిని పంతులు వినదగినదనుకోలేదు.

ఏటి ఒడ్డున, సముద్రపుటొడ్డున ఊళ్ళున్న మిత్రులారా, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక కాగితం, కలం తీసుకుని వెళ్ళండి. గాలం చూపించి అడగండి. చెప్పిన మాట చెప్పినట్లే వ్రాసుకోండి, సరిదిద్దకండి.

స్వస్తి.