చిల్లుల సంచి, తిరిగే కత్తి

కృష్ణా డెల్టాలో చేపల సాగు చరిత్ర అనగానే అందరూ చెరువుల దగ్గర మొదలుపెడతారు. ఎన్ని ఎకరాలు తవ్వారు, కొల్లేరులోకి ఎంత దూరం చొచ్చుకుపోయారు, ఐసు దట్టించిన లారీలు హౌరాకు ఎన్ని వెళ్లాయి అన్న లెక్కలే ఆ చరిత్రగా చెలామణీ అవుతున్నాయి. అవి కావలసిన లెక్కలే. అయితే పెట్టుబడిలో సగానికి పైగా మింగేది మేత. కాబట్టి అసలు మార్పు ఎక్కడ వచ్చిందో మేతలోనే వెతకాలి. మేతలో ఏమేం కలిపారన్న దానికంటే, దాన్ని ఏ రూపంలో, ఎంత ముక్కగా నీళ్లలో వేశారన్నదే రైతు బతుకును ఎక్కువ మార్చిందని నా వాదన. పొడి మేత పక్కన గుళిక మేత వచ్చి నిలబడ్డాక చేపల రైతుకు కొత్తగా దక్కింది కొలత. ఆ కొలత పుట్టేది ఫ్యాక్టరీలో, గుళికలు తీసే ఎక్స్‌ట్రూడర్ యంత్రం మూతి దగ్గర గిర్రున తిరిగే చిన్న కత్తి అంచున.

పొడి మేతకు మూలం వరి. కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1957లో దాని స్థానంలోకి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవల కింద వరి పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట తవుడు నుంచి నూనె తీసే కర్మాగారాలు వచ్చాయి. నూనె తీయగా మిగిలిన తవుడు, రైతులు డీఓబీ అనేది, చవగ్గా కుప్పలుగా దొరికింది. అదే 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారం ఎక్కించి చేపలచేత గుడ్లు పెట్టించడంతో, ఏటి మీద ఆధారపడకుండా చేపపిల్లను పుట్టించే దారి తెరుచుకుంది. 1970ల మధ్యలో ప్రభుత్వమే కొల్లేరులో మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు తవ్వించింది. 1980ల్లో కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల వరి పొలాలకు గట్లు లేచాయి. పిల్ల ఉంది, నీరుంది, తవుడూ ఉంది. లోపలికి వెళ్లిన తవుడు ఎంత చేప అవుతోందో తెలిసే మార్గం మాత్రం లేదు.

ఆ లోటును పూడ్చడానికి ఇక్కడి రైతు కనిపెట్టిన సాధనం చిల్లుల సంచి. ప్లాస్టిక్ సంచి అడుగుభాగాన వరసగా రంధ్రాలు పెడతారు. డీఓబీలో వేరుశెనగ చెక్కో పత్తి చెక్కో కలిపి నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకో, అడ్డంగా లాగిన తాడుకో కడతారు. పొద్దున్నే చిన్న పడవలో తిరుగుతూ ఒక్కో సంచీ కట్టుకుంటూ పోతారు. రోహు, మన శీలావతి, వచ్చి రంధ్రం దగ్గర మూతి పెట్టి పొడిని లాగుతుంది. కొన్ని గంటలు గడిచాక సంచి బరువు చూస్తే తిన్నదెంతో ఒక అంచనా దొరుకుతుంది. చేతితో చల్లిన తవుడు నీళ్లపాలైనంతగా ఇందులోది కాదు. బయటి నిపుణులు వచ్చి నేర్పిన పద్ధతి కాదిది, గట్టు మీద పుట్టిన తెలివి. ఆంధ్రా చెరువుల మీద ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వెలువరించిన అధ్యయనం దీన్ని వివరంగా నమోదు చేసింది. అయినా సంచికి ఒక హద్దుంది. ఖాళీ అయిన సంచి మేత బయటికి పోయిందని చెబుతుందే గాని, చేప కడుపులోకి పోయిందో, నీళ్లలో కరిగిపోయిందో చెప్పలేదు.

ఇప్పుడు ఎక్స్‌ట్రూడర్ దగ్గరికి వద్దాం. ఇంట్లో జంతికల గొట్టం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు సగం యంత్రం తెలిసినట్టే: పిండి, వత్తిడి, చిల్లుల బిళ్ల. తేడా లోపలి వేడిలో ఉంది. పిండిని ఆవిరితో తడిపి మరమేకు లాంటి ఇరుసు ముందుకు తోస్తుంటే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుతుంది, వత్తిడి వల్ల నీరు మాత్రం మరిగి బయటపడలేదు. పిండిపదార్థం ఉడికి బంకగా మారుతుంది. చిల్లులోంచి బయటి గాలిలోకి వచ్చిన క్షణంలో లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముద్దను ఉబ్బిస్తుంది. ఆ గాలి గదుల వల్లే గుళిక నీటిమీద తేలుతుంది. ఉబ్బుతున్న ఆ కడ్డీని బిళ్లకు దాదాపు ఆనుకుని తిరిగే కత్తి కోస్తూ పోతుంది. కడ్డీ వేగం ఎంత, కత్తికి రెక్కలెన్ని, నిమిషానికి ఎన్ని చుట్లు అన్న మూడింటి లెక్కే గుళిక పొడవు. 4 మిల్లీమీటర్ల గుళికలైతే కిలోకు 30 వేలకు పైనే తూగుతాయి. అంటే గంటకు టన్ను తీసే యంత్రం సెకనుకు పదివేల దాకా కోతలు కోస్తున్నట్టు. అంచు మొద్దుబారితే గుళికలకు తోకలు వస్తాయి, అంచులు చిరిగి పొడి రాలుతుంది. ఆ పొడి బస్తా అడుగున చేరి రైతు డబ్బుతో పాటు చెరువులో కరుగుతుంది. కత్తిని ఫ్యాక్టరీవాళ్లు అంత పట్టిపట్టి మార్చేది అందుకే.

ఆగకుండా వచ్చే ఆహారాన్ని సమాన ముక్కలు చేయడం ప్రపంచంలో చాలాచోట్ల ఎదురైన చిక్కే. మాంసం కూరిన పొడవాటి సాసేజీ గొట్టాన్ని ఒకప్పుడు చేతులతో మెలిపెట్టి ముక్కలుగా విడదీసేవారు. అమెరికాలో రే టౌన్‌సెండ్ 1960ల్లో తెచ్చిన యంత్రం ఆ పనిని గొలుసులకు అప్పగించింది. గొట్టం తిరుగుతూ ముందుకొస్తుంటే గొలుసుల మీది పట్టుకొయ్యలు కొలత ప్రకారం నొక్కుతాయి, నొక్కినచోట మెలి పడుతుంది. అక్కడ తొడుగు ఉంది కాబట్టి మెలి చాలు. తొడుగు లేని పిండి కడ్డీకి కత్తి తప్పదు. ప్యూరినా సంస్థ 1957లో కుక్కల మేతను ఎక్స్‌ట్రూడర్‌తో చేసి అమ్మింది. తర్వాత అదే పద్ధతి అమెరికాలో క్యాట్‌ఫిష్ చెరువులకు, అక్కడి నుంచి ఆసియాకు చేరింది. డెల్టాలో తేలే మేత ఫ్యాక్టరీలు బలపడింది ఈ శతాబ్దంలోనే. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చిన పంగాసియస్, ఇక్కడివాళ్ల నోట ‘ఫంగస్’, నీటిపైకి వచ్చి గుళికను ఎగబడి తింటుంది. ఆ చేప ఈ మేతకు పెద్ద గిరాకీ తెచ్చింది.

నా వాదనకు గట్టి సాక్ష్యం రొయ్య దగ్గర ఉంది. రొయ్య అడుగున తింటుంది, నింపాదిగా కొరుక్కుతింటుంది. దాని గుళిక మునగాలి, గంటల తరబడి విడిపోకుండా ఉండాలి. అందుకే దాన్ని ఉబ్బించకుండా గట్టిగా అదిమి చేస్తారు. అలా చేసే యంత్రంలో బిళ్ల తిరుగుతుంది, కత్తి కదలకుండా నిలబడుతుంది. మునిగిపోయిన మేత కంటికి కనిపించదు గనుక రైతులు చెక్ ట్రే వాడారు. ట్రేలో కొంత మేత పెట్టి దించి, కాసేపాగి పైకి లాగి, ఎంత మిగిలిందో చూసి తర్వాతి పూట మేత పెంచడమో తగ్గించడమో చేస్తారు. గుళిక కరగకుండా ముక్కగా మిగిలితేనే ఈ పద్ధతి సాధ్యం, తవుడు పొడితో ట్రే ఎందుకూ కొరగాదు. డెల్టాలో మేతను పూటపూటకూ లెక్కపెట్టే అలవాటు ముందు రొయ్యల చెరువుల్లో పడింది. తేలే గుళిక వచ్చాక చేపల చెరువుకు ట్రే అక్కరలేకపోయింది, నీటి పైభాగమే ట్రే అయింది.

కొలత అంత గొప్పదైతే 1994-95లో టైగర్ రొయ్య తెల్లమచ్చ వైరస్‌తో ఎందుకు కుప్పకూలిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మేత కొలత రోగాన్ని ఆపదు. చెరువులో ఎంత పిల్ల వేయాలి, మురుగునీరు ఎవరి కాలవలోకి వదలాలి అన్నవి వేరే కొలతలు. 2009లో వనామీ రొయ్య వచ్చేదాకా డెల్టా ఆ నష్టం నుంచి పూర్తిగా తేరుకోలేదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం చేపల రైతుదే. బొచ్చె చేప గుళికను పెద్దగా ముట్టదు, నీటిలోని ప్లవకాలను వడగట్టుకుని తింటుంది. సంచిలోంచి జారిన తవుడు ఎరువై ఆ ప్లవకాలను పెంచుతుంది. అలాంటప్పుడు అది వృథా ఎలా అవుతుందంటాడు రైతు. రోహు, బొచ్చె కలిపి పెంచే చెరువులో ఈ మాట నిజం. కానీ జారిన తవుడు ఎంతవరకు ఎరువు, ఎక్కడి నుంచి విషం అన్నది సంచి చెప్పదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచినప్పుడే అది తెలుస్తుంది.

చెరువు దాటితే కొల్లేరు ఉంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించి, 2006లో లోపలి చెరువు గట్లను పడగొట్టిన సరస్సు అది. గట్ల గురించి జరిగినంత చర్చ, చుట్టూ మిగిలిన చెరువుల నుంచి కాలవల్లోకి వచ్చే నీటి గురించి జరగలేదు. తినని మేత చివరకు చేరేది ఆ నీటిలోకే.

ఇక మిగిలింది ధర. బస్తాకు బస్తా పోలిస్తే గుళిక తవుడుకంటే చాలా ఖరీదు. బస్తా ధరను పోల్చడమే పొరపాటు, కిలో చేపకు పడిన మేతను పోల్చాలి. సంచి మేత రెండు మూడు కిలోలు పట్టేచోట తేలే గుళిక కిలోన్నర అటూ ఇటూ సరిపోతుంది. అయితే లెక్క తెలిసినంత మాత్రాన కౌలు రైతు గుళికకు మారలేడు. లీజు ముందే కట్టి, పట్టుబడి దాకా చేతిలో రూపాయి ఆడనివాడికి వారం వారం కొద్దికొద్దిగా కొనుక్కునే తవుడే అందుతుంది. అందుకే కైకలూరు వైపు ఒకే కాలవ కింద ఒక చెరువులో వెదుళ్లకు సంచులు వేలాడుతుంటే, పక్క చెరువులో గుళికలు తేలుతున్నాయి. ఈ తేడాకు కారణం తెలివి కాదు, అప్పు పుట్టే తీరు. రొయ్యకు దొరికినంత శ్రద్ధ బ్యాంకుల్లోనూ, పరిశోధనలోనూ చేపల కౌలు రైతుకు దొరకాలి. అప్పటిదాకా ఫ్యాక్టరీ కత్తి ఎంత సమంగా కోసినా ఆ కొలత సగం గట్ల మీదికే చేరుతుంది.