గిన్నిస్ బుక్‌ను పుట్టించిన లొల్లి

దావత్ ముగిసి, చేతులు కడుక్కుని, అందరూ బండ్ల కాడికి చేరాక అసలు ముచ్చట మొదలవుతుంది. "మా పిల్లలమర్రిని మించిన చెట్టు లోకంల లేదన్నా" అంటాడు పాలమూరు తమ్ముడు. "చెట్టు సంగతి ఇడువు తమ్మీ, మా సాగర్ డ్యామంత పెద్దది ఇంకేడున్నది?" అంటాడు నల్లగొండ అన్న. పందెం ఛాయ్. అర్ధరాత్రి దాటినా తేలదు. వచ్చే దావత్‌కు వాయిదా పడుతుంది. 1951లో ఐర్లండ్‌లో ఇలాంటి లొల్లే ఒకటి తెగకపోతే, ఒక పెద్దమనిషి దాన్ని వాయిదాకు వదలకుండా ఏకంగా పుస్తకమే వేయించాడు. మనం మాటకు ముందు పేరెత్తే గిన్నిస్ బుక్ అదే.

ఆయన పేరు సర్ హ్యూ బీవర్. గిన్నిస్ బీరు కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్. గిన్నిస్ అంటే మనకు గజాల కొద్దీ గోళ్లు, మీసాలు పెంచినవాళ్లు గుర్తొస్తారు గాని, అది 1759లో డబ్లిన్‌లో మొదలైన కంపెనీ తయారుచేసే నల్లబీరు పేరని చాలామందికి తెలియదు. బీవర్ చదివింది తాగుడు శాస్త్రమేమీ కాదు. కుర్రతనంలో ఇండియన్ పోలీసు సర్వీసులో పనిచేసి, తర్వాత ఇంజనీరుగా స్థిరపడ్డాడు. 1952 నాటి లండన్ విషపు పొగమంచు మీద వేసిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. బ్రిటన్‌లో 1956 నాటి వాయు కాలుష్య చట్టం ఆ కమిటీ సిఫార్సుల మీదే వచ్చింది. అంతటి మనిషి చరిత్రలో మిగిలింది ఒక పిట్ట వల్ల!

1951 నవంబర్ 10న ఆయన వెక్స్‌ఫర్డ్ కౌంటీలో, స్లేనీ నది దగ్గర నార్త్ స్లాబ్ అనే చోట స్నేహితులతో వేటకు వెళ్లాడు. గోల్డెన్ ప్లోవర్ అనే పిట్టకు గురిపెడితే తప్పింది. ఆ పూట కాసిల్‌బ్రిడ్జ్ హౌస్ అనే బంగళాలో అందరూ కూర్చున్నప్పుడు వాదన లేచింది. యూరప్ వేటపక్షుల్లో అన్నిటికన్నా వేగంగా ఎగిరేది ఏది, ప్లోవరా, రెడ్ గ్రౌసా? గురి తప్పినవాడికి పిట్ట వేగం మీద అంత పట్టుదల ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉన్న పుస్తకాలు తిరగేశారు. జవాబు దొరకలేదు.

మనమైతే "పోనీలే" అని పడుకుంటాం. బీవర్ వ్యాపారి. అప్పట్లో బ్రిటన్, ఐర్లండ్ కలిపి 80 వేలకు పైగా పబ్బులుండేవి. రోజూ రాత్రి వాటిలో ఇలాంటి పంచాయితీలే నడిచేవి, తాగేది చాలాచోట్ల తమ బీరే. గల్లా దగ్గర ఒక పుస్తకం పెట్టి, దాని మీద కంపెనీ పేరు వేస్తే పంచాయితీ తీరుతుంది, ప్రచారమూ దక్కుతుంది. ఆలోచన అంతే. అమ్ముకోవాలని కాదు, పబ్బులకు ఊరికే పంచాలని.

రాసేదెవరు? గిన్నిస్‌లో పనిచేస్తున్న క్రిస్టఫర్ చాటవే అనే పరుగుల వీరుడు దారి చూపించాడు. 1954 మే 6న రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని నాలుగు నిమిషాలలోపు పరుగెత్తినప్పుడు ముందుండి వేగం పెంచినవాళ్లలో ఈ చాటవే ఒకడు. ఆ మైదానంలో మైకు పట్టుకుని సమయం ప్రకటించినవాడు నోరిస్ మెక్‌విర్టర్. నోరిస్, అతని కవల తమ్ముడు రాస్ కలిసి లండన్‌లో పత్రికలకు లెక్కలు, వివరాలు సమకూర్చిపెట్టే సంస్థ నడిపేవారు. చాటవే వీళ్ల పేరు చెబితే కంపెనీ పిలిచింది. డైరెక్టర్లు ఏ ప్రశ్న వేసినా అన్నదమ్ములు తడుముకోలేదు, పని దొరికింది.

వాళ్లు పనిచేసిన తీరు నాకు బాగా నచ్చింది. ప్రపంచంలోని నిపుణులందరికీ ఉత్తరాలు రాశారు. అయితే "ఫలానాది ఎంత?" అని అడిగితే పెద్దమనుషులు జవాబివ్వరు. "ఫలానాది ఇంత అని మేమనుకుంటున్నాం" అని రాస్తే తప్పు దిద్దడానికి వెంటనే కలం తీస్తారు. చెప్పమంటే చెప్పనివాడు కూడా ఎదుటివాణ్ని సరిదిద్దకుండా ఉండలేడని నోరిస్ తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. దావత్ లొల్లికి మూలమైన బుద్ధినే వాళ్లు పనిముట్టు చేసుకున్నారన్నమాట!

1955 ఆగస్టు 27న 198 పేజీల తొలి పుస్తకం వచ్చింది. క్రిస్మస్ నాటికి బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడవుతున్న పుస్తకం అదే. ఊరికే పంచుదామనుకున్నది కాస్తా సొంతంగా వ్యాపారమైంది.

అదే ఏడాది డిసెంబర్ 10న నెహ్రూ నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. కాబట్టి మన నల్లగొండ అన్న పందెం సంగతీ చూద్దాం. పొడవు లెక్కన అయితే ఒడిశాలోని హీరాకుడ్ సాగర్‌ను దాటిపోతుంది. ఎత్తు లెక్కన భాక్రా 226 మీటర్లు, సాగర్ 124. రాతికట్టడపు ఆనకట్టలు అని గిరి గీస్తే మాత్రం సాగర్ పేరు ముందుకొస్తుంది, అన్న రొమ్ము విరుచుకోవచ్చు. (కుడిగట్టు ఆంధ్రవాళ్లదన్న లొల్లి వేరే.) తమ్ముడికి అంత వెసులుబాటు లేదు. పిల్లలమర్రి పరుచుకున్నది సుమారు మూడెకరాలు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల పైచిలుకు. 1989లో గిన్నిస్‌కెక్కింది కూడా అదే. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రికి మనుషులకు పెట్టినట్టు సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించారు. ఆ ముచ్చటకు పోటీ తెచ్చే చెట్టు దొరకడం మాత్రం కష్టం.

బీవర్ తర్వాత ఆ పుస్తకం చాలా దారులు మారింది. రాస్‌ను 1975లో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్ఏ) ముష్కరులు కాల్చి చంపారు. 2008లో పుస్తకం కెనడాకు చెందిన జిమ్ పాటిసన్ గ్రూపు చేతికి వెళ్లింది, బీరు కంపెనీకి ఇప్పుడు దానితో సంబంధం లేదు. వాదన తీర్చడానికి పుట్టిన పుస్తకం కోసం రికార్డులు తయారుచేసేవాళ్లు బయల్దేరారు. అది నాకంత రుచించదు గాని, పి. సుశీల పాటల లెక్క 17,695 అని 2016లో తేల్చినందుకు మాత్రం దానికి దండం పెట్టాలి.

బీవర్ 1967లో పోయాడు. ఆయన అడిగిన ప్రశ్నకు తర్వాతి ముద్రణల్లో ఒకటి గ్రౌస్ వైపు మొగ్గింది. ప్లోవరే అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.