లంబసింగి దారికి అవతల

చోడవరం నుంచి డిసెంబరులో మన్యం బయల్దేరేవాళ్ళు చాలామంది లంబసింగి దగ్గరే ఆగిపోతారు. చీకటితో లేచి, చెరకు తోటల మధ్యనుంచి రావికమతం, నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కుతారు. మంచులో వేడి టీ తాగి, వలిసె పూల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. ఇంకాస్త ముందుకు, చింతపల్లి దాకా వెళ్ళండని నేను అందరికీ చెబుతుంటాను. వీలుంటే కృష్ణదేవిపేట మీదుగా రాజవొమ్మంగి కూడా చూసి రండంటాను. ఈ ఘాటీ రోడ్డూ, ఆ ఊళ్ళ పోలీస్ స్టేషన్లలోని లాకప్పులూ ఒకే పాలన కడుపున పుట్టాయి.

మన్యాన్ని తెల్లవాళ్ళు మొదట ముఠాదారుల (కొన్నేసి ఊళ్ళ మీద పెత్తనం ఉన్న స్థానిక దొరల) చేతుల మీదుగానే ఏలారు. కల్లు మీద వేసిన చిగురు పన్ను, కింది పోలీసుల దౌర్జన్యం కలవడంతో 1879లో రంప ఫితూరి (తిరుగుబాటు) లేచింది. అప్పుడు అడ్డతీగల స్టేషన్ తగలబడింది. ఆ ఫితూరి కథలో వినిపించే చోడవరం మనది కాదు, రంపచోడవరం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి చేస్తున్న పోడు నేరమైంది, పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. కొండమీద లాకప్పుల్లోకి వెళ్ళినవాళ్ళంతా దొంగలు, హంతకులు కారన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఇక రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఈ ఘాటీని గిరిజనుల చేత బలవంతంగా, సరైన కూలి ఇవ్వకుండా తవ్వించాడు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొరను ఉద్యోగంలోంచి తీసేసింది కూడా అతడే. గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడ్డారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద రాజు దళం దాడి చేసింది. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు విప్లవకారుల చేతికి వచ్చాయి. పట్టుకుపోతున్నవాటిని స్టేషన్ పుస్తకంలో రాసి, కింద సంతకం చేసి మరీ వెళ్ళేవాడు రాజు. చాటుగా దోచుకుపోయేవాడు ఇలా చేయడు. పట్టపగలు ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వం నుంచి బాకీ వసూలు చేసుకున్నట్టు ఉంటుంది.

ఈ మూడింటిలో నన్ను ఎక్కువ కదిలించేది రాజవొమ్మంగి. మిగతా రెండు చోట్లా తుపాకులే దొరికాయి, ఇక్కడ ఒక మనిషి దొరికాడు. పాత ఫితూరీదారు మొట్టడం వీరయ్యదొర అక్కడ బందీగా ఉన్నాడు. పోలీసులు ఎదురు తిరిగినా విప్లవకారులు స్టేషన్‌ను లొంగదీసుకుని ఆయన్ని విడిపించారు. వీరయ్యదొర ఇంటికి పోలేదు, దళంలో చేరాడు. ఆయుధాలు పోతే సర్కారు కొత్తవి తెప్పించుకోగలదు. తాళం వేసి పెట్టిన మనిషిని జనం వచ్చి తీసుకుపోతే, ఇక ఆ తాళానికి కొండమీద ఎవడు భయపడతాడు? మన్యం గుండెల్లోంచి లాకప్పు భయం ఆ రోజే పోయిందని నా నమ్మకం.

సర్కారు ఊరుకోలేదు. మలబారు పోలీసులు వచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. ఆ ఏడాది మే 7న రాజును పట్టుకుని, కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జూన్‌లో గంటందొర కూడా నేలకొరిగాడు.

మల్లుదొర అంతకుముందే, 1923 సెప్టెంబరులో దొరికిపోయాడు. ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్ పంపారు. ఆయన బతికి తిరిగొచ్చాడు. 1952లో విశాఖపట్నం ఓటర్లు ఆయన్ని స్వతంత్ర అభ్యర్థిగా తొలి లోక్‌సభకు పంపారు.